తాన్సేన్ మిషన్ ఆసుపత్రి: ముక్తినాథ్ యాత్రలో అనుకోని మజిలీ

ముక్తినాథ్ వెళ్ళే మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. సునౌలి దగ్గర నేపాల్ బోర్డరు దాటి, బుట్వల్ నుంచి పోఖరా వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తాన్సేన్ మలుపు వస్తుంది. అక్కడ టీకి ఆపినప్పుడు అమ్మ బస్సు మెట్టు మీద జారి చెయ్యి నేలకి ఊనింది. చూస్తుండగానే మణికట్టు వాచిపోయింది. టూర్‌వాళ్ళు బ్రోచర్లో గొప్పగా వేసుకున్న మెడికల్ కిట్ తెరిస్తే తలనొప్పి బామూ, కాస్త దూదీ ఉన్నాయి. "చూపించుకుని పోఖరా వచ్చేయండి" అని మా బ్యాగులు దింపేసి వాళ్ళ దారిన వాళ్ళు పోయారు.

ఎవర్ని అడిగినా మిషన్ ఆసుపత్రికే వెళ్ళమన్నారు. నాకు కొంచెం టెన్షన్. అమ్మ శ్రీచూర్ణం పెట్టుకోనిదే కాఫీ ముట్టదు, అక్కడ ప్రార్థనలవీ చేయిస్తారేమోనని. అమ్మే కసిరింది: "గుంటూరు కుగ్లర్ మిషన్ ఆసుపత్రిలో పుట్టినవాడివి, నీకెందుకురా ఈ అనుమానాలు!"

చీటీ రాయించుకోవడం, ఎక్స్‌రే, డాక్టరు, అన్నీ హిందీలోనే నడిచిపోయాయి. ఎముక చిట్లింది. కట్టు వేయాలంటే గాజులు తీయాలి, వాపు మీద అవి కదలవు. నర్సమ్మ "ఆమా, ఆమా" అంటూ సబ్బునీళ్ళు రాసి, రెండు బంగారు గాజులూ మెల్లగా తీసి, అమ్మ కొంగుకే ముడివేసింది. ఆ పిలుపుకే అమ్మ సగం నొప్పి మరిచిపోయింది. మతం ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ రోగితో ఉండేవాళ్ళని కురువా అంటారు. ఢాకా టోపీ పెట్టుకున్న ఒక కురువా మన గూర్ఖా రెజిమెంట్‌లో చేసిన హవల్దారట, సికింద్రాబాద్‌లో కూడా ఉన్నాడట. కథంతా ఆయనే చెప్పాడు. 1949లో పక్షుల మీద పరిశోధనకని ఫ్లెమింగ్ అనే అమెరికన్ ఈ కొండలకి వచ్చాడు. ఆయన భార్య డాక్టరు. తర్వాత ఆవిడా, స్నేహితులూ ఇక్కడ వైద్యం చేశారు. దాంతో 1954లో ఈ ఆసుపత్రి నడిపే క్రైస్తవ సంస్థ, యునైటెడ్ మిషన్ టు నేపాల్, మొదలైంది. ఆసుపత్రి కట్టడానికి 1958లో వచ్చిన నార్వే ఇంజనీరు ఆడ్ హాఫ్టున్ ఆ తర్వాత బుట్వల్ దిగి కుర్రాళ్ళకి పని నేర్పాడు, తినావ్ నది నీళ్ళతో కరెంటు పుట్టించాడు. "మరి మతం?" అన్నాను. హవల్దారు నవ్వి, మణికట్లు రెండూ దగ్గరకి చేర్చి బేడీల్లా చూపించాడు. 2018లో అమలైన నేరాల చట్టం ప్రకారం ఎవరినైనా మతం మారిస్తే ఐదేళ్ళ దాకా జైలు.

శనివారం పొద్దున్న లాడ్జి పక్కింట్లోంచి మాదల్ (నేపాలీ మద్దెల) మోతా, పాటలూ. అమ్మ ఒక్క చేత్తోనే దండం పెట్టుకుంది, వెంకన్న భజన అనుకుని. నేపాల్లో శనివారం సెలవు కాబట్టి చర్చి కూడా ఆ రోజేనని లాడ్జి కుర్రాడు చెప్పాడు. "పోన్లే, బాగా పాడుతున్నారు" అంది.

ఇండియన్ డబ్బు 100కి నేపాలీ 160, ముందే మార్చుకోండి. ఆసుపత్రి గుట్ట వాలు మీద ఉంది, పెద్దవాళ్ళని టాక్సీలో గుమ్మం దాకా తీసుకెళ్ళండి. ఎక్స్‌రే ఫిల్ము అడిగి తెచ్చుకోండి. నా వరకు ఐదుకి ఐదు. టూర్‌వాళ్ళకి ఆ బామ్ డబ్బా వెల కూడా ఇవ్వను.

ముక్తినాథ్‌లో 108 ధారల కిందా అమ్మ తల పెట్టింది, చెయ్యి మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైకెత్తి. కట్టు తడవలేదు.