మోర్గాన్ డాలర్లకి స్లాబ్ మార్పిస్తున్నారా, జాగ్రత్త, వెరైటీ పేరు ఎగిరిపోతుంది

అమెరికాలో ఉంటూ పాత వెండి డాలర్లు కొనే మనవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి పూర్తిగా చదవండి. నా దగ్గర అనాక్స్ (నాణెం ఎంత బాగుందో చూసి గ్రేడ్ ఇచ్చే కంపెనీ) స్లాబ్‌లో, అంటే వాళ్ళు సీల్ చేసిన ప్లాస్టిక్ డబ్బాలో, రెండు మోర్గాన్లు ఉండేవి, ఒకటి న్యూ ఓర్లీన్స్‌లో కొట్టిన 1888-ఓ, వ్యామ్-4 (ఈ డాలర్ల అచ్చుల్లో తేడాలకి ఇచ్చే నంబర్లని వ్యామ్ అంటారు), అదే హాట్ లిప్స్, ఇంకోటి 1901 షిఫ్టెడ్ ఈగిల్. రెండిటికీ లేబుల్ మీదే వెరైటీ పేరు, అంటే ఆ అచ్చు తేడా పేరు, ఉండేది. అమ్ముదామనుకుంటే ఒక డీలర్, వేరే సర్వీస్ స్లాబ్‌లోకి మారిస్తే మంచి రేటొస్తుంది, క్రాసోవర్ అంతా నేనే చూసుకుంటా అని తీస్కెళ్ళాడు.

క్రాసోవర్ అంటే నాణెం పాత స్లాబ్‌లో ఉండగానే పంపాలి, కనీసం ఈ గ్రేడ్ రావాలని ఫామ్‌లో రాయాలి, రాకపోతే అదే స్లాబ్‌లో అలాగే వెనక్కొస్తుంది, ఫీజు పోతుంది అంతే, నాణేనికి ఏం కాదు. ఇతను నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా రెండు స్లాబులూ పగలగొట్టి విడి నాణేల కింద పంపేశాడు, ఇన్వాయిస్ చూస్తే గానీ నాకు తెలీలేదు, అందులో వెరైటీ అని ఉన్న చోట ఖాళీ!

హాట్ లిప్స్ వెనక్కొచ్చింది, లేబుల్ మీద 1888-ఓ, గ్రేడు, అంతే. నాణెం మీదున్న లిబర్టీ బొమ్మ పెదాలు, ముక్కు, గడ్డం రెండేసి ఉన్నట్టు భూతద్దం లేకుండానే కనిపిస్తాయండీ, అయినా వెరైటీ అట్రిబ్యూషన్, అంటే వెరైటీ గుర్తించి లేబుల్ మీద రాయడం, మామూలుగా వేరే సర్వీసు, దానికి వేరే ఫీజు, మనం అడిగితేనే చూస్తారు. ఆ పేరు లేకపోతే అరిగిన 1888-ఓ అంటే ముప్పాతిక ఔన్సు వెండికి కాస్త పైన, అంతకుమించి ఎవరూ ఇవ్వరు.

1901ది ఇంకా ఘోరం. క్లీన్ చేశారంటూ డీటెయిల్స్ అని వచ్చింది, గ్రేడ్ నంబరే లేదు. గద్ద తోక ఈకల కింద ఆ డబ్లింగ్ అంత స్పష్టంగా ఉన్నా పేరు దీనికీ లేదు. స్లాబ్‌లోనే పంపి ఉంటే వాళ్ళు వద్దన్నా పాత గ్రేడ్‌తో నా చేతికి తిరిగొచ్చేది కదా, నా కడుపుమంట అదే.

గట్టిగా నిలదీస్తే పాత లేబుళ్ళు చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు, కొనేవాళ్ళకి ఇవి చూపించండి అన్నాడు. స్లాబ్ బయటికొచ్చిన లేబుల్ ఉత్త కాగితం, అది ఏ నాణెం పక్కనైనా పెట్టొచ్చు, అలా విడి లేబుల్ చూపించి ఎవరైనా అమ్మబోతే మీరు కూడా కొనకండి.

ఇంకోటి, వ్యామ్‌లు వేలల్లో ఉన్నాయి, అనాక్స్ గుర్తించేవన్నీ మిగతావాళ్ళు గుర్తించరు, ఎవరి లిస్టు వాళ్ళది. మీ నంబరు ఆ లిస్టులో లేకపోతే మార్పించి ఏం లాభం? అందుకే ముందు లిస్టు చూడండి, ఫామ్ మీరే నింపండి, డీలర్ ద్వారానే పంపాల్సొస్తే స్లాబ్ పగలగొట్టకూడదు, వెరైటీ అడగాలి అని రాయించుకోండి, సర్టిఫికెట్ నంబరు కనబడేలా రెండువైపులా ఫోటోలు తీసిపెట్టుకోండి.

హాట్ లిప్స్‌ని మళ్ళీ ఫీజు కట్టి వెరైటీ కోసం పంపిస్తున్నా. 1901కి మాత్రం పాత గ్రేడ్ వెనక్కి తెచ్చే దారేం లేదు, డీలర్ ఫీజు కూడా వెనక్కివ్వనంటున్నాడు.