మెయిషానా, గుర్యులా? పెర్మియన్ హద్దుకు ఏది మేలు?

కశ్మీర్‌లో గుర్యుల్ రవీన్ అనే లోయ ఉండగా, పెర్మియన్–ట్రయాసిక్ హద్దుకు ప్రామాణిక స్థలంగా చైనాలోని మెయిషాన్‌ను ఎందుకు తీసుకున్నారని తరచూ అడుగుతుంటారు. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట పెర్మియన్ యుగం ముగిసి ట్రయాసిక్ మొదలైన ఈ హద్దు దగ్గరే జీవుల మహా వినాశనం జరిగింది. 1990ల్లో పోటీపడ్డ నాలుగు చోట్లలో గుర్యుల్ కూడా ఉంది. 2001లో మెయిషాన్ ఖాయమైంది. అప్పట్లో కశ్మీర్ వెళ్లి పనిచేయడం కష్టమన్నది నిజమే. ఆ సంగతి పక్కన పెట్టి, రాళ్లను మాత్రమే చూద్దాం.

మందంలో గుర్యుల్‌దే పైచేయి. శ్రీనగర్ శివార్లలోని ఖున్మో దగ్గర షేల్, సున్నపురాయి పొరలు మీటర్ల లెక్కన పేరుకున్నాయి. పాత బ్రాకియోపాడ్లు (రెండు చిప్పల సముద్ర జీవులు) తగ్గిపోవడం, క్లారాయియా అనే పల్చటి ఆల్చిప్పలు రావడం మెట్టు మెట్టుగా కనిపిస్తాయి. మెయిషాన్‌లో అదే కథ జానెడు మందంలో అయిపోతుంది. 25వ పొర తెల్లటి బంకమట్టి, 26వది నల్లటిది, 27వది సున్నపురాయి. జీవులు కుప్పకూలడం మొదలైంది 25వ పొర అడుగున. హద్దు గీసింది మాత్రం కాస్త పైన, 27వ పొర మధ్యలో, హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ (ఈల్ చేపలాంటి జీవి పంటి శిలాజం) తొలిసారి కనిపించిన చోట. నమూనా తీయడంలో అంగుళం తేడా వస్తే వేల ఏళ్లు తారుమారవుతాయి.

అయినా నా ఓటు మెయిషాన్‌కే. కారణం ఆ తెల్లమట్టి. అది అగ్నిపర్వత బూడిద. అందులోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే 25.194 కోట్ల ఏళ్లని తేలింది. అక్కడి నుంచి 28వ పొర దాకా, అంటే వినాశనం సాగినంత కాలం, దాదాపు 60 వేల ఏళ్లు, అటూ ఇటూ 48 వేలు. సముద్రం సుమారు 8 డిగ్రీలు వేడెక్కిందని కోనోడాంట్లలోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న పరమాణువుల) పాళ్లు చెబుతాయి. కానీ ఆ 8 డిగ్రీలు పది లక్షల ఏళ్లలో పెరిగితే జీవులు తట్టుకునే దారి వెతుక్కుంటాయి. కొన్ని వేల ఏళ్లలో పెరిగితే ఆ వ్యవధి ఉండదు. అందుకే నాకు అన్నిటికన్నా గడియారం ముఖ్యం. సైబీరియా లావాకూ ఇదే పద్ధతిలో తేదీలు తీశారు కాబట్టే, అక్కడి విస్ఫోటనాలు ఈ వినాశనానికి ముందే మొదలయ్యాయని చెప్పగలుగుతున్నాం. గుర్యుల్‌లో ఇలా వరుసగా తేదీలిచ్చే బూడిద పొరలు లేవు. కోనోడాంట్లను జోడించి, కాలాన్ని మెయిషాన్ నుంచి అరువు తెచ్చుకోవాలి.

హిమాచల్‌లోని స్పితి లోయ గురించీ అడుగుతారు. అక్కడ హద్దు దగ్గర ఇనుము కలిసిన ఎర్రటి పొర ఉంది, చూడటానికి బావుంటుంది. కానీ అక్కడ కొంత కాలం రాతిలో నమోదే కాలేదు. ఈ పనికి పక్కన పెట్టేయొచ్చు.

గుర్యుల్‌ను మాత్రం అలా పక్కన పెట్టలేం. మెయిషాన్ అప్పుడు భూమధ్యరేఖ దగ్గరి సముద్రం. గుర్యుల్ దక్షిణాన గోండ్వానా అనే పురాతన మహాఖండం అంచు. ఉష్ణమండలం దాటి ఏం జరిగిందో అడగాల్సింది ఈ రాళ్లనే. ఆ కొండ చుట్టూ క్వారీలు తవ్వారు. పేలుళ్లకు ఒక్క మీటరు పోయినా, ఆ మీటరు మళ్లీ ఎక్కడా దొరకదు.