నల్లకుంట కర్రీ పాయింట్: సాంబారు నీళ్లే, అయినా వెళ్లండి

హైదరాబాద్‌లో నల్లకుంట కూరగాయల మార్కెట్ దగ్గరి సందులో ఉంది ఈ కొట్టు. బోర్డు మీద కర్రీ పాయింట్ అని తప్ప పేరేమీ లేదు. కూర్చుని తినే వీలు లేదు. పప్పు, రెండు కూరలు, సాంబారు, పెరుగు, ప్యాకెట్టుకో రబ్బరు బ్యాండు. సాంబారు సంగతి ముందే చెబుతున్నాను, నీళ్లే. ములక్కాడ ముక్క దొరికితే అదృష్టం. మూడేళ్లుగా చెబుతున్నా మారలేదు, నేనూ కొనడం మానలేదు.

మా ఆవిడకు బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను అక్కడ వరుసలో కూర్చున్న వాళ్లందరూ అలాగే అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున ఏడు వారాలు, మొత్తం 35 సార్లు. మూడో వారానికి నోటిపూత మొదలైంది. చింతపండు తగిలితే చాలు, కళ్లలో నీళ్లు. లాలాజలం ఊరక మెతుకు నాలుకకు అతుక్కుపోయేది. ఇంట్లో వంట నా చేతికి వచ్చింది. నాకు తెలిసినవి ఉప్మా, చారు. చారులోంచి మిరియాలు, చింతపండు తీసేస్తే మిగిలేది ఈ కొట్టు సాంబారు.

మొదట రోగులకు ప్రత్యేక భోజనం పంపుతామన్న ఒక కంపెనీకి నెల డబ్బు ముందే కట్టాను. డబ్బా మీద క్యాలరీల లెక్క ముద్రించి ఉండేది, లోపల టమాటా సూపు, దాని మీద మిరియాల పొడి. నోటిపూత అమ్మా అని ఫోనులో మొత్తుకుంటే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆవిడ పోయిన ఇరవయ్యో రోజున, ‘మమ్మల్ని మరిచిపోయారా?’ అని ఆవిడ పేరుతోనే సందేశం పంపారు.

అక్కడ మానేసి ఈ కొట్టు నడిపే అమ్మాయిని అడిగాను. ‘కారం వేయకముందే తీసి పెడతాను బాబాయిగారూ, క్యారియర్ ఇచ్చి వెళ్లండి’ అంది. సొరకాయ, పొట్లకాయ, బీరకాయ, ఆ రోజు ఏది వండితే అది రెండు గరిటెలు పక్కకు తీసి, పెసరపప్పుతో మెదిపి, నెయ్యి వేసి, చల్లారాకే మూత పెట్టేది. సాయంత్రం క్యారియర్ కడగకుండా తెమ్మంది. నేను సిగ్గుపడితే, ‘నాకు చూడాలి’ అంది. మూత తీసి గిన్నె వెలుతురుకు వంచి చూసేది. ముద్ద మిగిలితే మర్నాడు ఇంకాస్త జారుగా, ఖాళీ అయితే ఒక గరిటె ఎక్కువ. ఒకసారి అడుగున బీరకాయ గింజలు నాలుగు ఉన్నాయి. మర్నాటి నుంచి జల్లెడ పట్టి పంపింది. జబ్బు తిరగబెట్టి, నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ వేయాల్సి వచ్చాక మలబద్ధకం కూడా తోడైంది. డాక్టరు దానికీ మందు రాశారు. ఈ అమ్మాయి నానబెట్టిన ఎండుద్రాక్ష పిసికి, ఆ నీళ్లు చిన్న సీసాలో పెట్టింది. పదకొండు నెలల్లో ‘పిన్నిగారికి ఎలా ఉంది’ అని నన్ను ఒక్కసారీ అడగలేదు.

పన్నెండో రోజు దాటాక ఇల్లు ఖాళీ అయింది. ‘ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోను చేయండి’ అని బంధువులు వెళ్లిపోయారు. నేనూ ఎన్ని ఇళ్లలో ఆ మాట అని చెప్పులు తొడుక్కున్నానో. రెండు రోజులు ఆగి కొట్టుకు వెళ్లాను. ‘గుత్తి వంకాయ చేశాను, కారం తింటారా?’ అంది. అన్ని నెలలూ ఇంట్లో నేనూ ఆ చప్పిడి పప్పే తిన్నానని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి ముక్కు కారుతూ తిన్నాను.

ఇళ్లకు ప్యాకెట్లు ఇచ్చి వచ్చే కుర్రాడున్నాడు, నాకు మాత్రం పంపదు. ‘ఏడింటికి మీరే రండి’ అని హుకుం. మోకాళ్ల నొప్పులన్నాను. ‘అయితే ఏడుంపావుకు రండి’ అంది. ఒక రోజు వెళ్లకపోతే కుర్రాడు ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాళం వేసి వాడి వెంట నడిచాను.

నెలనెలా మాసికం నాడు ఉల్లి, వెల్లుల్లి లేని కూర విడిగా ఉండేది. తిథి నేను చెప్పలేదు. మాసికానికి కొట్టు కూర ఏమిటని మా అన్నయ్య గొణిగాడు, గొణగనిచ్చాను. తరువాత కొట్టులో వేలాడే క్యాలెండర్ మీద పెన్సిల్ చుక్క చూశాను. ఆ పేజీలో నాది కాక మరో నాలుగు చుక్కలున్నాయి.

కూర 40 రూపాయలు, పథ్యం కూరకూ అంతే. ఎక్కువ ఇస్తే ఒక పెరుగు ప్యాకెట్టు సంచిలో పడేసి లెక్క సరిచేస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఫోను ఎత్తదు. ఆదివారం సాయంత్రం సెలవు. కీమో నడుస్తూ తెల్లరక్తకణాలు తగ్గిన వాళ్లకు పచ్చి చట్నీలు వద్దంటారు కనుక కొబ్బరి పచ్చడి జోలికి వెళ్లకండి.

క్యారియర్ ఇచ్చేవాళ్లు పేరు చెక్కించినదే ఇవ్వండి, అయినా హామీ లేదు. గత నెల సంవత్సరీకం హడావిడిలో మా పై గిన్నె మూత ఎవరికో వెళ్లింది. బదులుగా వచ్చింది కొంచెం పెద్దది, బిగుసుకోవడం లేదు. మా మూత మీద ‘సుశీల, 1984’ అని ఉంటుంది. మీ ఇంటికి చేరి ఉంటే దయచేసి కొట్టులో ఇచ్చేయండి. ఏడుంపావుకు నేను అక్కడే ఉంటాను.