'హేవ్ ఎ సిగార్': హార్పర్ గొంతు మేలా, వాటర్స్–గిల్మర్ యుగళం మేలా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ సంగతి వచ్చినప్పుడల్లా తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. 'హేవ్ ఎ సిగార్' పాటను 1975 నాటి 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్‌లో బయటి గాయకుడు రాయ్ హార్పర్ పాడినట్టు వినడం మేలా, 2011లో అదే ఆల్బమ్ ప్రత్యేక సంచికలో బయటికి వచ్చిన బ్యాండ్ సభ్యులు రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్‌ల యుగళగీతంగా వినడం మేలా?

హార్పర్ ఈ పాటలోకి రావడం ముందుగా అనుకున్నది కాదు. అదే ఆల్బమ్‌లోని 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' పాడి పాడి వాటర్స్ గొంతు దెబ్బతింది, గిల్మర్‌కేమో ఈ పాట తాను పాడటం ఇష్టం లేకపోయింది. అదే సమయంలో ఆబీ రోడ్ స్టూడియోలో సొంత ఆల్బమ్ పనిలో ఉన్న స్నేహితుడు హార్పర్ ఆ పని తలకెత్తుకున్నాడు. అవసరం కొద్దీ చేసిన ఈ ఏర్పాటు పాటకు బాగా కలిసివచ్చిందని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ పాటలో మాట్లాడేది బ్యాండు కాదు, మొదటి నుంచి చివరి దాకా మ్యూజిక్ కంపెనీ పెద్దమనిషే. కుర్రాళ్లను లోపలికి పిలిచి, చుట్ట అందించి, ఆకాశానికెత్తి, అమ్మకాల గురించి ఊదరగొట్టి, ఆ ఊపులోనే మీలో పింక్ ఎవరని అడిగేస్తాడు, బ్యాండులో పింక్ అనే మనిషే లేడని తెలియక. ఈ ప్రశ్న తమను నిజంగానే అడిగేవారని బ్యాండ్ సభ్యులే చెప్పారు. హార్పర్ ఆ మాటను ఎక్కడా వెక్కిరింపుగా అనడు. తనకు అన్నీ తెలుసన్న ధీమాతో, భుజం మీద చెయ్యి వేసినంత చనువుగా అంటాడు కాబట్టే ఆ మనిషి అజ్ఞానం దానంతట అదే బయటపడుతుంది. ప్రతినాయకుడికి వేరొకరి గొంతు అరువు తెచ్చుకోవడంలోని బలం తెలుగు సినిమా ప్రేక్షకులకు చెప్పనక్కర్లేదు.

యుగళగీతంలో అదే ప్రశ్న దగ్గర మనకు వినిపించేది ఆ పెద్దమనిషి కాదు, అతని మాటలు విని విసిగిపోయిన ఇద్దరు కుర్రాళ్లు. వాటర్స్ గొంతులోని కరుకుదనం, గిల్మర్ గొంతులోని నునుపు కలిసినప్పుడు కోపం నిజమనిపిస్తుంది, అది తక్కువ విషయం కాదు. నిడివి కూడా ఎక్కువ కావడంతో గిటార్ తీరుబడిగా సాగుతుంది. అయితే రెండు గొంతులు ఒకే మనిషి మాటలు పలుకుతుంటే ఆ మనిషి రూపు చెదిరి, నాటకం కాస్తా ఫిర్యాదుగా మారిపోతుంది. ఈ పాటను తానే పాడి ఉండాల్సిందని వాటర్స్ తర్వాతి కాలంలో అన్నాడు. రాసినవాడిగా ఆ బాధ అర్థం చేసుకోదగినదే గాని, నేను ఏకీభవించలేను.

ఆల్బమ్‌లో మరో సౌలభ్యం ఉంది. చివర్లో అంత పెద్ద శబ్దమూ ఒక్కసారిగా చిన్న రేడియోలోంచి వస్తున్నట్టు కుంచించుకుపోయి, స్టేషన్లు మారుతూ తరువాతి పాటలో కలుస్తుంది. అమెరికాలో ఈ పాటను సింగిల్‌గా విడుదల చేసింది కూడా ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీయే కావడం, పాటలోని పెద్దమనిషి విన్నా గర్వపడే సంగతి.

ఇక ఫూ ఫైటర్స్ బ్యాండ్, క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మేతో కలిసి చేసిన రూపం హుషారుగా ఉంటుంది, ఒకసారి వినవచ్చు. ప్రైమస్ చేసినది ఆ బ్యాండ్ అభిమానులకు సరిపోతుంది. కొత్తగా వినేవారు మాత్రం హార్పర్‌తో మొదలుపెట్టి, మాటలు నోటికి వచ్చాక యుగళగీతానికి వెళ్లడం మంచిది.