50 ఓమ్స్ అని రాసిచ్చినా నమ్మకండి: వైజాగ్‌లో ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) బోర్డులు చేయించుకునేవాళ్లకు

5.8 గిగాహెర్ట్జ్ వీడియో లింకు కోసం 20 బోర్డులు చేయించాను. ఊళ్లోనే ఉన్న సప్లయర్, పేరు రాయను. నాలుగు లేయర్ల (రాగి పొరల) ఎఫ్ఆర్-4, అంటే మామూలు ఫైబర్ గ్లాసు బోర్డు, అంచుకి బిగించే ఎస్ఎంఏ (యాంటెన్నా కేబులు తగిలించే) కనెక్టర్లు. కనెక్టరూ, దాని ఫుట్‌ప్రింటూ (బోర్డు మీద అది కూర్చునే రాగి ప్యాడ్ల నమూనా) వాళ్లే ఇచ్చారు. "మా ప్యాడ్ పెట్టుకోండి మాస్టారూ, అన్నీ 50 ఓమ్సే" అన్నారు. సిగ్నల్ దారి పొడవునా ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఆ 50 దగ్గరే ఉండాలి, మారిన చోట సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది. ఇంపీడెన్స్ కంట్రోల్ పేరుతో బిల్లులో 3,500 రూపాయలు విడిగా వేశారు.

బోర్డు వచ్చాక ఇంట్లో నా నానోవీఎన్ఏతో (సిగ్నల్ ఎంత తిరిగొస్తోందో కొలిచే చిన్న పరికరం) 1 గిగాహెర్ట్జ్ దగ్గర చూస్తే రిటర్న్ లాస్ 15 డీబీ. ఈ అంకె ఎంత ఎక్కువైతే అంత తక్కువ వెనక్కి తిరిగినట్టు. పర్లేదనుకుని మిగతా డబ్బు కట్టేశాను. తప్పు అక్కడే చేశాను. లింకు మాత్రం వంద మీటర్లు దాటదు! తెలిసిన కాలేజీ ల్యాబ్‌కి పట్టుకెళ్లి, ట్రేసు (సిగ్నల్ వెళ్లే రాగి గీత) చివర 50 ఓమ్ లోడ్ పెట్టి పెద్ద వీఎన్ఏ మీద చూశాం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 8 డీబీ, 5.8 దగ్గర మూడున్నర. అంటే పంపిన పవర్లో దాదాపు సగం కనెక్టరు గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతోందన్నమాట.

ట్రేసు తప్పు కాదు. 0.36 మి.మీ. వెడల్పు, కింద 0.2 మి.మీ.లో గ్రౌండ్ రాగి పొర, లెక్కకి 50 దగ్గరే. కనెక్టరూ 50 ఓమ్సే. రెండూ కలిసే చోటే గొడవంతా. పిన్ను కూర్చునే ప్యాడ్ 1.5 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. పొడవు. అదే 0.2 మి.మీ. గ్రౌండ్ మీద అంత వెడల్పు రాగి పరిస్తే ఇంపీడెన్స్ 20 ఓమ్స్‌కి పడిపోతుంది. 1 గిగాహెర్ట్జ్ తరంగానికి ఆ 4 మి.మీ. లెక్కలోకి రాదు. 5.8 తరంగం బోర్డులో సుమారు 27 మి.మీ.యే, దానికి ఇది పెద్ద గొయ్యి. ఆ ఫుట్‌ప్రింటు 1.6 మి.మీ. రెండు లేయర్ల బోర్డు కోసం గీసింది, నాకు అలాగే అంటగట్టారు. ప్యాడ్ కింద రెండో లేయర్లో గ్రౌండ్ కత్తిరించి, కింది గ్రౌండ్‌ని ఆసరా చేసుకుని, పక్క గ్రౌండ్ ఎడం సరిచూస్తే సరిపోయేది. బోర్డు తయారయ్యాక లోపలి లేయర్ని ఎవరు కోస్తారు?

సప్లయర్ని అడిగితే, "ఏటండీ, కనెక్టరు డేటాషీటు చూసుకోండి, 50 అనే ఉంది కదా" అన్నాడు. టెస్ట్ కూపన్ (కొలిచి చూడటానికి బోర్డుతో పాటే వేసే నమూనా ట్రేసు) రిపోర్టు ఏదంటే మౌనం. కూపన్ అసలు వేయనే లేదు. మరి ఆ 3,500 దేనికో! కనెక్టర్ల పూత సంగతి ఇంకోటి. బీచ్ రోడ్డు పక్క ఇంట్లో బల్ల మీద పెట్టిన రెండింటికి ఉప్పుగాలికి నెల తిరక్కుండానే చిలుము పట్టింది.

ఇలాంటి ఆర్డరిచ్చేవాళ్లు అడ్వాన్సు కట్టకముందే స్టాకప్ డ్రాయింగు (ఏ పొర ఎంత మందమో చూపే పటం), కూపన్ మీద టీడీఆర్ (పల్సు పంపి ఇంపీడెన్స్ చూసే) కొలత ఇస్తామని కాగితం మీద తీసుకోండి. కానీ కూపన్ ట్రేసు సంగతే చెబుతుంది, ప్యాడ్ సంగతి చెప్పదు. ఫుట్‌ప్రింటు ఏ మందం బోర్డుకి గీసిందో అడగండి. ముందు రెండు బోర్డులే చేయించి, మీ బోర్డు పనిచేసే ఫ్రీక్వెన్సీలోనే కొలవండి.

సప్లయర్ ఈ డబ్బులో సగం వచ్చే ఆర్డర్లో తగ్గిస్తానన్నాడు. వచ్చే ఆర్డరంటూ ఉంటే కదా! 18 బోర్డులు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. 1 గిగాహెర్ట్జ్ లోపు పనికి ఎవరికైనా కావాలంటే ఈ సంగతంతా చెప్పే, అయినకాడికి ఇచ్చేస్తాను.