వేర్వేరు టికెట్లతో డనాంగ్ ప్రయాణం: కౌలాలంపూర్‌లో ఆగిపోయిన రోజు

హైదరాబాద్ నుంచి వియత్నాంలోని డనాంగ్‌కి ఒకే టికెట్ మీద వెళ్దామని చూస్తే, రెండు ముక్కలుగా కొన్నదానికంటే మనిషికి దాదాపు 9,000 రూపాయలు ఎక్కువ పడుతోంది. నెలాఖరుకి అకౌంట్‌లో చిల్లర మిగిలే నాకూ, మా ఫ్రెండ్‌కీ అది చిన్న మొత్తం కాదు. అందుకే కౌలాలంపూర్ దాకా ఒక కంపెనీలో, అక్కడి నుంచి డనాంగ్‌కి ఇంకో కంపెనీలో తీసుకున్నాం. మధ్యలో నాలుగు గంటల పైచిలుకు ఖాళీ.

ఇలా విడివిడిగా కొంటే రెండు కంపెనీలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. మొదటి విమానం లేటైనా రెండోది మనకోసం ఆగదు, ఆ టికెట్ డబ్బులు పోయినట్టే. అదే ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) మీద ఉంటే, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది. మనం ఎక్కువ కట్టే ఆ తొమ్మిది వేలు నిజానికి ఆ బాధ్యతకే. సంగతి తెలిసే కొన్నాం. తెలిసినంత మాత్రాన టెన్షన్ తగ్గుతుందా, అది వేరే విషయం.

శంషాబాద్‌లో విమానం రెండు గంటల నలభై నిమిషాలు లేటు. ఈపాటి దూరం విమానాలు మూడు గంటలు ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఏదో ఒకటి ఇవ్వాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. సరిగ్గా ఆ మూడు గంటలూ నిండకముందే బోర్డింగ్ పిలిచారు కాబట్టి మాకు మంచినీళ్లు కూడా దక్కలేదు. మా ఫ్రెండ్ వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర గేటు దగ్గరే ఖాళీ చేసేశాం.

కౌలాలంపూర్‌లో బడ్జెట్ విమానాలు ఎక్కువగా దిగేది అక్కడి అంతర్జాతీయ విమానాశ్రయం కేఎల్ఐఏలోని టెర్మినల్ 2లో. 2014లో తెరిచారు. శుభ్రంగా ఉంటుంది, బోర్డులు అర్థమవుతాయి, కానీ నడక మాత్రం ఎక్కువ. విడిగా ఉన్న శాటిలైట్ భవనం వైపు దిగితే మూడొందల మీటర్ల పైవంతెన దాటాలి, ఆ తర్వాతే ఇమిగ్రేషన్. ఇద్దరికీ కలిపి ఇరవై కిలోల చెక్-ఇన్ బ్యాగ్ ఒకటి ఉంది. వేర్వేరు టికెట్ల మీద బ్యాగ్ ఉంటే మలేషియాలోకి అధికారికంగా ప్రవేశించి, బెల్టు మీద నుంచి బ్యాగ్ తీసుకుని, మళ్లీ డిపార్చర్ హాల్‌కి ఎక్కి ఇవ్వాల్సిందే. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డ్ (ఆ దేశంలోకి వెళ్లేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) ఇంటి దగ్గరే నింపుకున్నాం కాబట్టి ఆఫీసర్ దగ్గర నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం కోసం నిలబడ్డ లైను మాత్రం పెద్దదే, అప్పుడే మూడు నాలుగు విమానాలు దిగాయి మరి.

పదీ నలభైకి విమానం. అంతర్జాతీయ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. మేం కౌంటర్ చేరేసరికి పదీ అయిదు. అక్కడున్న అమ్మాయి పాస్‌పోర్టు కూడా తీసుకోలేదు. స్క్రీన్ చూసి, తల అడ్డంగా ఊపి, పెన్నుతో టికెట్ సేల్స్ కౌంటర్ వైపు చూపించింది. బతిమాలాలని నేను నోరు తెరిచేలోపే మా ఫ్రెండ్ ట్రాలీ మీద కూర్చుండిపోయింది. "ఇంక పరిగెత్తి లాభం లేదే. ముందు ఏమైనా తిందాం."

ఆ మాటే మమ్మల్ని కాపాడింది. కంగారులో ఉంటే సేల్స్ కౌంటర్‌లో చెప్పిన మొదటి రేటుకే కొనేసేవాళ్లం. ఆ సాయంత్రం విమానానికి మనిషికి 17,000 అన్నారు. టెర్మినల్‌ని ఆనుకుని ఉన్న గేట్‌వే మాల్‌లో రోటీ చనాయ్ (అక్కడి పరోటా), టే తారిక్ (నురగ టీ) తెచ్చుకుని ఫోన్‌లో చూస్తే మర్నాడు పొద్దున్న విమానం బ్యాగ్‌తో కలిపి 7,800. తేడాలో సగం పెట్టినా రాత్రికి మంచి గదే దొరుకుతుంది. పైగా భారతీయులకు 2023 డిసెంబర్ నుంచి మలేషియాలో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు.

విడి టికెట్లు కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. విమానం తప్పితే ఆ ఊళ్లోకి అడుగు పెట్టగలమా లేదా? సింగపూర్ విమానాశ్రయం ఎంత గొప్పదైనా మన పాస్‌పోర్టుకి వీసా కావాలి. బ్యాగ్ తెచ్చుకోవడానికి బయటికి రావాలన్నా అదే తిప్పలు. ధరలో వెయ్యి రెండు వేలు తేడా ఉన్నా నేను కౌలాలంపూర్‌కే ఓటేస్తాను.

టెర్మినల్ నుంచి ఊళ్లోని పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కి రెండు దారులు. కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు 33 నిమిషాల్లో దింపుతుంది, టికెట్ 55 రింగిట్లు, అంటే మన లెక్కలో వెయ్యి దాటుతుంది. బస్సు గంట పైన తీసుకుంటుంది కానీ డబ్బు మూడో వంతు కూడా కాదు. ఉన్నది తప్పిపోయాక తొందరెందుకని బస్సే ఎక్కాం. ఏసీ గట్టిగా వేస్తారు, చున్నీ చేతిలో ఉంచుకోవాలి.

కేఎల్ సెంట్రల్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అదే అక్కడి లిటిల్ ఇండియా. 2010లో మన్మోహన్ సింగ్ వెళ్లినప్పుడు రంగులేసి, తోరణాలు కట్టి కొత్తగా ప్రారంభించిన వీధి. పూలమాలలు, పట్టుచీరలు, అగరుబత్తులు, పాటల హోరు. అరిటాకు భోజనంలో అన్నం, సాంబారు, రసం, మూడు కూరలు, అప్పడం, మళ్లీ మళ్లీ వడ్డన. కారం మనకి చాలదు, అయినా రాత్రంతా నిద్రలేని కడుపుకి ఆ రసం అమృతమే. తిన్నాక ఆకు మనవైపు మడిస్తే భోజనం బాగుందని అక్కడ అర్థమట, పక్క టేబుల్ ఆయన చెప్పాడు. మడిచాం.

గది 2,200కి దొరికింది. ఊరు మధ్యలో ఈ ధరకి మంచి బేరమే, కానీ కిటికీ లేదు. కౌలాలంపూర్ చవక హోటళ్లలో ఇది మామూలే. బుక్ చేసేటప్పుడు 'విండో' అని రాసుందో లేదో చూసుకోకపోతే పగలో రాత్రో తెలియని పెట్టెలో పడతాం. విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం టాక్స్ కూడా ఉంటుంది. యాప్‌లో కనిపించిన ధరలో అది కలిసి ఉండదు, రిసెప్షన్‌లో అడుగుతారు. మా హోటల్‌లో రసీదు అడిగితే గానీ ఇవ్వలేదు. దుప్పట్లు మాత్రం తెల్లగా, ఇస్త్రీ మడతలతో ఉన్నాయి.

రెండు గంటలు పడుకుని, కేఎల్ సెంట్రల్ నుంచే కొమ్యూటర్ రైల్లో బాటు కేవ్స్‌కి వెళ్లాం. టికెట్ మన సిటీ బస్సు లెక్కే. రైళ్లు వెంటవెంటనే ఉండవు, టైం చూసుకుని వెళ్లాలి. గుహల ముందు 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం, పక్కన 272 మెట్లు. 2018లో వేసిన ఆ రంగుల కోసమే సగం మంది ఫోటోలకి వస్తారు. మోకాళ్లు కనపడే బట్టలైతే పైకి పంపరు. మా ఫ్రెండ్ షార్ట్స్‌లో వచ్చింది, మెట్ల దగ్గర గుడ్డ అద్దెకి తీసుకుని లుంగీలా చుట్టుకుని ఎక్కింది. కోతులు చేతిలో సంచి కనిపిస్తే వదలవు. పైన గుహ కప్పులో పెద్ద కంత, అందులోంచి సాయంత్రపు వెలుగు. అర్ధరాత్రి నుంచి మా ఇద్దరి మధ్యా విమానం ఊసు లేకుండా గడిచింది ఆ అరగంటే.

తిరుగు ప్రయాణంలో తెలివిగా రాత్రి మజిలీ పెట్టుకుని, టెర్మినల్ 2 దగ్గరే గేట్‌వే మాల్‌లో ఉన్న క్యాప్సూల్ ట్రాన్సిట్ అనే హోటల్‌లో, మనిషి పట్టేంత చిన్న అరల్లో పడుకున్నాం. మూడు, ఆరు, పన్నెండు గంటల లెక్కన ఇస్తారు, ఆడవాళ్లకి విడిగా భాగం ఉంది. పరుపు బాగుంది, బాత్రూములు ఉమ్మడివైనా శుభ్రంగా ఉన్నాయి. ఒక్కరే వెళ్తే ఇదే మేలు. ఇద్దరుంటే రెండు క్యాప్సూళ్ల ధరకి బ్రిక్‌ఫీల్డ్స్‌లో గది వచ్చేస్తుంది. పొద్దున్నే విమానం కాకపోతే గదే నయం.

చివరికి లెక్క వేస్తే కొత్త టికెట్, గదిలో నా వాటా, రానూపోనూ బస్సు, డనాంగ్‌లో కట్టేసిన మొదటి రాత్రి కలిపి సుమారు 10,000. అంటే ఒకే టికెట్ కొన్నదానికంటే వెయ్యి ఎక్కువ పడింది, కౌలాలంపూర్ చూసినందుకు ఆ వెయ్యి అనుకున్నాం. శనివారం రాత్రి డనాంగ్‌లో డ్రాగన్ ఆకారపు వంతెన, డ్రాగన్ బ్రిడ్జి, నిప్పులు కక్కడం తప్పిపోయింది కానీ ఆదివారం కూడా తొమ్మిదింటికి ఉంటుంది, అది చూశాం.

ఇంకొకటి. విమానం తప్పిందని తేలగానే డనాంగ్ హాస్టల్‌కి మెసేజ్ పెట్టాం, ఒక రోజు ఆలస్యంగా వస్తున్నాం, మంచాలు వేరేవాళ్లకి ఇవ్వొద్దని. మొదటి రాత్రి డబ్బు తిరిగి రాలేదు, మిగతా రాత్రులు నిలిచాయి. చెప్పకుండా ఊరుకుంటే నో-షో (రాలేదన్న లెక్క) కింద బుకింగ్ మొత్తం కొట్టేసే హోటళ్లే ఎక్కువ. కౌంటర్ దగ్గర ఉండగానే, వైఫై ఉండగానే ఆ మెసేజ్ పెట్టేయండి.