మారతహళ్ళిలో తెలుగు లెక్కల క్లాసు: వడ్డీ లెక్కలకు చేరొచ్చు, షీట్లతో జాగ్రత్త

శని, ఆదివారాల్లో రెండేసి గంటలు. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళూ, తొమ్మిది, పది తరగతుల పిల్లలూ ఒకే గదిలో. డబ్బును రెండుచోట్ల పెట్టే లెక్కల వరకైతే బెంగళూరులో తెలుగు పిల్లలకు పనికొచ్చే క్లాసే.

బోర్డు మీద పడే లెక్క ఈ తరహా: 60,000 రూపాయల్లో కొంత బ్యాంకులో 7 శాతానికి, మిగతాది ఊళ్ళో నూటికి రూపాయి వడ్డీకి. ఏడాదికి మొత్తం బారువడ్డీ 5,200. ఎక్కడెంత పెట్టారు?

సమీకరణం రాయకముందే అంచనా వేయిస్తారు. అంతా 7 శాతానికే ఇస్తే 4,200, అంతా 12కే ఇస్తే 7,200. 5,200 మొదటిదానికే దగ్గర కాబట్టి బ్యాంకు వాటా పెద్దది. నాకు బాగా నచ్చింది ఇదే. ఆ 12 ఎక్కడిదంటారా? మనవాళ్ళ నోట నూటికి రూపాయి అంటే నెలకి, ఏడాదికైతే 12. దాన్ని ఏడాదికి 1 శాతం అనుకుంటే బ్యాంకు సొమ్ము 76,667 తేలుతుంది. ఉన్నదే అరవై వేలు!

తెలియని రాశికి ‘బ’ అని పేరు, బ్యాంకు సొమ్మని గుర్తుండేలా. శాతాలు పోవడానికి రెండు వైపులా వందతో గుణిస్తే:

7బ + 12(60,000 − బ) = 5,20,000
5బ = 2,00,000
బ = 40,000

మిగిలిన 20,000 ఊళ్ళో. సరిచూస్తే 2,800 + 2,400. కుడివైపు వందతో గుణించడం మరిస్తే బ 1,42,960 అవుతుంది. 12ను బ్రాకెట్లోని రెండో పదానికి అంటించకపోతే రుణసంఖ్యే వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి తప్పుల్ని కొట్టేసి ఊరుకోరు, ఏ మెట్టు దగ్గర జారిందో పిల్లల చేతే వెతికిస్తారు.

ఇక క్లాసులో ఇచ్చే లెక్కల షీట్లు. ఫిక్స్‌డ్ డిపాజిట్ అని అచ్చేసి జవాబు బారువడ్డీతో ఇచ్చారు. బ్యాంకులు మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి, ఆ లెక్కన 40,000 మీద ఏడాదికి 2,874 రావాలి, 2,800 కాదు. అడిగితే మాస్టారు చక్కగా చెప్తారు. అడగని పిల్లాడి సంగతేంటి? చక్రవడ్డీని ఒక్క పూటలో ముగించేయడం కూడా బాగాలేదు.

బండి పెట్టడానికి చోటు లేదు, బస్సులో వెళ్ళడం మేలు.